రోడ్ షూకి మూడు బొక్కలు, పెడల్‌కి ఎస్‌పీడీ క్లీట్లు: ఏది మార్చాలి?

గండిపేట_గాలి
కొత్త బైక్‌కి షిమానో ఎం520 పెడల్స్ వేయించుకున్నా, రెండు వైపులా క్లిప్ అయ్యే ఎస్‌పీడీ (షూని పెడల్‌కి తగిలించే షిమానో పద్ధతి). షూస్ వేరే షాపులో కొన్నా. "రోడ్ షూ ఏదైనా ఏ పెడల్‌కైనా పడుతుంది సార్" అని అమ్మినాయన గట్టిగా చెప్పాడు. ఇంటికొచ్చి క్లీట్ (షూ అడుగున బిగించి పెడల్‌లో ఇరికించే ముక్క) బిగిద్దామని కూర్చుంటే షూ అడుగున త్రికోణంలా మూడు బొక్కలు. పెడల్ డబ్బాలో వచ్చిన క్లీట్‌కేమో పక్కపక్కన రెండే బోల్టులు. తిరిగి తీసుకోమంటే డబ్బా చింపారు కాబట్టి కుదరదన్నారు. ఒళ్లు మండిపోయింది.

ఆన్‌లైన్‌లో మూడు బొక్కల షూకి రెండు బోల్టుల క్లీట్ పట్టించే అడాప్టర్ ప్లేట్ కనిపిస్తోంది, చాలా చవక. అది కొననా? పెడల్స్ మార్చనా? షూస్ మార్చనా? వారం మధ్యలో ఓఆర్ఆర్ పక్కన సోలార్ ట్రాక్ మీద తొక్కుతా, ఆదివారం గ్రూపుతో గండిపేట వైపు, మధ్యలో ఇడ్లీకి ఆగుతాం. ఈ సీజన్‌లో 200 బ్రెవే (ఇచ్చిన టైం లోపల 200 కిలోమీటర్లు తొక్కే రైడ్) చేయాలని ఉంది.

చైన్‌రింగ్_చిన్ని
అడాప్టర్ వద్దన్నా. మిగతా రెండిట్లో ఏదైనా సరే.

ఫ్లాట్_పెడల్_ఫ్యాన్
రెండూ పక్కన పెట్టి మంచి ఫ్లాట్ పెడల్స్ వేసుకో బ్రో. సిగ్నల్ దగ్గర పడే బాధ లేదు, ఇడ్లీ దగ్గర జారే బాధ లేదు.

వాట్_పిచ్చి
అడిగింది అది కాదు కదా అన్నా 🙂

కొండపల్లి_క్రాంక్
మా దగ్గరికి సర్వీసుకి వచ్చే బైకుల్లో వారానికొకటైనా ఈ సమస్యే ఉంటుంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు షూ, క్లీట్, పెడల్ మూడింటినీ విడివిడిగా చూడండి. షూ కంపెనీ, పెడల్ కంపెనీ ఒకటే కానక్కర్లేదు. సీడీ షూకి షిమానో క్లీట్ పడుతుంది, షిమానో షూకి లుక్ క్లీట్ పడుతుంది, ఎందుకంటే ఆ మూడు బొక్కల కొలత అందరికీ ఒకటే. క్లీట్‌కీ పెడల్‌కీ మాత్రం జత తప్పకూడదు. లుక్ కంపెనీ కియో క్లీట్ షిమానో ఎస్‌పీడీ-ఎస్ఎల్ (మూడు బోల్టుల రోడ్ రకం) పెడల్‌లో దిగదు, అటుది ఇటూ దిగదు. చూడ్డానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి గానీ ముందు ముక్కు ఆకారం వేరు, వెనక వెడల్పు వేరు. కాలితో బలంగా తొక్కితే పడుతుందేమో అని ప్రయత్నించకండి, సగం ఇరుక్కుని పెడల్ స్ప్రింగు దగ్గర ప్లాస్టిక్ విరుగుతుంది.

మీ పెడల్ ఎస్‌పీడీ. దానికి రెండు బోల్టుల చిన్న ఇనుప క్లీట్. మీ షూ మూడు బోల్టులది. దానికి ఎస్‌పీడీ-ఎస్ఎల్, కియో, పాత లుక్ డెల్టా, టైమ్, వీటిలో ఏదైనా బిగుస్తుంది. రెండు రకాల బొక్కలూ ఉన్న షూస్ కూడా కొన్ని వచ్చాయి, షిమానో ఆర్‌పీ1 లాంటివి. మీ షూ అడుగున మధ్యలో చిన్న మూతో, స్టిక్కరో ఉందేమో ఒకసారి గోరుతో లేపి చూడండి. దాని కింద రెండు బొక్కలు ఉంటే గొడవే లేదు.

అడాప్టర్ ఎందుకు వద్దంటున్నారో కూడా చెప్తా. ఎస్‌పీడీ షూలో క్లీట్ సోల్ లోపలికి దిగి ఉంటుంది, చుట్టూ రబ్బరు ఉంటుంది, నడిచేటప్పుడు బరువంతా ఆ రబ్బరు మీద పడుతుంది. రోడ్ షూ సోల్ నున్నటి ప్లాస్టిక్ లేదా కార్బన్. దానికి ప్లేటు, ప్లేటు మీద ఇనుప ముక్క అంటే పాదం కింద ఒక మేకు మీద నిలబడ్డట్టే. పెడల్ మీద కూడా షూ అటూ ఇటూ ఊగుతుంది, ఆనుకోడానికి రబ్బరు లేదు కాబట్టి.

గండిపేట_గాలి
స్టిక్కర్ లేపి చూశా, కింద ఏమీ లేదు. మూడే.

బ్రెవే_బాబాయ్
తమ్మీ, 200 బ్రెవే మాట ఎత్తినవ్ గదా, అయితే పెడల్స్ ఉంచుకో, షూస్ మార్చు. బ్రెవేల సైకిల్ తొక్కుడొక్కటే ఉండదు. కంట్రోల్ (చెకింగ్ పాయింట్) దగ్గర దిగాలె, కార్డు మీద ముద్ర ఏపించుకోవాలె, నీళ్లు నింపుకోవాలె, దాబా ఎనుక బాత్రూం దాకా కంకర మీద నడవాలె. 200కి పదమూడున్నర గంటలు టైం ఇస్తరు, అందుల నడిచేది తక్కువేం కాదు. టైరు పంచరైతే రోడ్డు పక్కన ఎండల అరగంట నిలబడాలె. మూడు బోల్టుల క్లీట్ ఏసుకొని దాబా టైల్స్ మీద నడిస్తే, నీళ్లు పడి ఉంటే ఇంక చెప్పొద్దు. 400, 600 చేసేటోళ్లల్ల ఎక్కువమంది ఎస్‌పీడీతోనే కనబడ్తరు, పారిస్-బ్రెస్ట్-పారిస్ 1200 పోయేటోళ్లు గూడ శానమంది గంతే.

వాట్_పిచ్చి
బాబాయ్ మాట మీద గౌరవం ఉంది కానీ ఒప్పుకోను. రోడ్ బైక్ కొని, గట్టి సోల్ రోడ్ షూ కొని, మళ్లీ ఎస్‌పీడీకి ఎందుకు వెళ్లాలి? ఎస్‌పీడీ-ఎస్ఎల్ పెడల్ వెడల్పుగా ఉంటుంది, ఒత్తిడి పాదం మొత్తం మీద పరుచుకుంటుంది. స్ప్రింట్‌లో కాలు కదలదు. బరువు చూసినా ఎం520 జత 380 గ్రాములు, షిమానో రోడ్ పెడల్ 105 ఆర్7000 జత 265. గ్రూపుతో గండిపేట వైపు 35 మీద లాగేటప్పుడు తేడా తెలుస్తుంది. నడవడానికి రబ్బరు కవర్లు దొరుకుతాయి, జెర్సీ వెనక జేబులో పడేసుకోవచ్చు.

బ్రెవే_బాబాయ్
115 గ్రాములకు 35 స్పీడ్ రాదు తమ్మీ. కాళ్లకు వస్తది.

చైన్‌రింగ్_చిన్ని
😂 అయిపోయింది వాట్ అన్న పని

వాట్_పిచ్చి
బరువు కోసం కాదు, పాదం స్థిరంగా ఉండటం కోసం అన్నా. ఇంకో మాట. రేపు పవర్ మీటర్ పెడల్స్ (కాలి బలాన్ని వాట్లలో కొలిచేవి) కొనాలనిపిస్తే ఏ క్లీట్‌లో ఉన్నామన్నది లెక్కలోకొస్తుంది. ఫావేరో అసియోమా డుయో కియో క్లీట్లతో వస్తుంది. గార్మిన్ ర్యాలీ మూడు రకాల్లోనూ ఉంది, ఆర్‌కే కియోకి, ఆర్ఎస్ ఎస్‌పీడీ-ఎస్ఎల్‌కి, ఎక్స్‌సీ ఎస్‌పీడీకి. ఇప్పుడే ఆలోచించుకుంటే రెండోసారి ఖర్చు తప్పుతుంది.

గండిపేట_గాలి
పవర్ మీటర్ ఆలోచన ఇప్పట్లో లేదన్నా. ఈఎంఐలు చాలు.

భీమిలి_బ్రీజ్
నేను రెండూ వాడా. విశాఖ బీచ్ రోడ్ నుంచి భీమిలి వెళ్లి రావడానికి ఎస్‌పీడీ-ఎస్ఎల్ హాయిగా ఉండేది, దారంతా దిగే పని లేదు. సింహాచలం కొండ ఎక్కి పైన నడవాల్సి వస్తే మాత్రం నరకం. గుడి దగ్గర రాతి మెట్ల మీద పట్టు దొరకదు, షూస్ విప్పి సాక్సుల మీద నడిచేదాన్ని. ఇప్పుడు ఎస్‌పీడీకి మారిపోయా.

ఆడవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. నాది 38 సైజు. ఇక్కడ షాపుల్లో రోడ్ షూస్ 40 నుంచి మొదలు. ఎస్‌పీడీ షూస్‌లో చిన్న సైజులు కాస్త తేలిగ్గా దొరికాయి. సైజు దొరకడమే మొదటి అర్హత, మిగతావన్నీ తర్వాత.

డాలస్_డ్రాప్‌బార్
ఇక్కడ అమెరికాలో ఈ తికమక ఇంకో రకం. కోవిడ్ టైంలో సగం మంది ఇళ్లలోకి పెలోటన్ (ఇంట్లో తొక్కే ఎక్సర్‌సైజ్ బైక్) వచ్చింది. ఆ బైక్ పెడల్స్ లుక్ డెల్టా. డెల్టా అంటే లుక్ వాళ్ల పాత రకం, కియో కంటే పెద్దది. అవే షూస్‌తో బయట రోడ్ బైక్ తొక్కుదామని మా తెలుగు గ్రూపులో కియో పెడల్స్ కొన్నవాళ్లు చాలామంది. పెడల్ మీద లుక్ అనే ఉంది, క్లీట్ మీదా లుక్ అనే ఉంది, అయినా ఎక్కదు! షూ మార్చక్కర్లేదు, బొక్కలు అవే. క్లీట్ విప్పి కియోది బిగిస్తే సరిపోతుంది. ఇంటి బైక్ కూడా అదే షూతో తొక్కాలంటే దానికీ కియో పెడల్స్ వేసుకోవాలి.

కొండపల్లి_క్రాంక్
@డాలస్_డ్రాప్‌బార్ మంచి మాట చెప్పారు. డెల్టాకి చరిత్ర కూడా ఉంది. లుక్ మంచు మీద జారే స్కీలకి బైండింగులు చేసిన కంపెనీ. ఆ పరిజ్ఞానంతోనే 1984లో ఈ రకం పెడల్ తెచ్చారు. మరుసటి ఏడాది బెర్నార్ ఇనో వాటి మీదే టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు, ఆ తర్వాత క్రమంగా ప్రొఫెషనల్ రైడర్లకి పాదాన్ని పెడల్‌కి కట్టే తోలు పట్టీలు పోయాయి. మట్టిలో తిరిగే మౌంటెన్ బైకుల కోసం షిమానో ఎస్‌పీడీ 1990లో వచ్చింది. దిగి, బురదలో బైక్ మోసుకుంటూ పరిగెత్తేవాళ్ల కోసం చేసింది కాబట్టే దాంతో నడవగలుగుతున్నాం.

ఫ్లాట్_పెడల్_ఫ్యాన్
తోలు పట్టీలు ఇప్పటికీ నా పాత సైకిల్‌కి ఉన్నాయి, పనిచేస్తున్నాయి.

గండిపేట_గాలి
ఒకవేళ ఎస్‌పీడీ-ఎస్ఎల్ పెడల్స్‌కే వెళ్తే క్లీట్ ఏ రంగుది తీసుకోవాలి? ఎరుపు, నీలం, పసుపు అని మూడు కనిపిస్తున్నాయి. పెద్ద రైడర్లు ఎరుపు వాడతారని ఎవరో అన్నారు.

ఫిజియో_అక్క
ఎరుపు వద్దు తమ్ముడూ! ఈ థ్రెడ్‌లో ఇంతవరకూ ఎవరూ మోకాళ్ల మాట ఎత్తలేదు, అందుకే దూరుతున్నా.

రంగు చెప్పేది పెడల్‌కి బిగిశాక మడమ ఎంత తిరగగలదో. షిమానోలో ఎరుపు సున్నా డిగ్రీలు, నీలం 2, పసుపు 6. పెడల్‌తో పాటు డబ్బాలో వచ్చేది సాధారణంగా పసుపే, కొత్తవాళ్లకి అదే మంచిది. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. లుక్ కియోలో ఎరుపంటే 9 డిగ్రీలు, అంటే అన్నిటికంటే ఎక్కువ. బూడిద రంగు 4.5, నలుపు సున్నా. ఒక కంపెనీలో ఎరుపు వాడి బాగుందని ఇంకో కంపెనీలోనూ ఎరుపే అడిగితే మోకాలికి పూర్తిగా వేరే పరిస్థితి వస్తుంది.

నా దగ్గరికి వచ్చే రైడర్లలో మోకాలి లోపలి వైపో బయటి వైపో నొప్పి అంటే ముందు షూ తిరగేసి చూస్తా. అందరూ నడిచేటప్పుడు పాదాన్ని తిన్నగా పెట్టరు. కొందరిది బయటికి తిరిగి ఉంటుంది, కొందరికి ఒక్క కాలే అలా ఉంటుంది. సున్నా డిగ్రీల క్లీట్ ఆ పాదాన్ని బలవంతంగా తిన్నగా పెడుతుంది. పాదం తిరగలేక ఆ మెలిక మోకాలికి ఎక్కుతుంది. నిమిషానికి 80, 90 సార్లు పెడల్ తిప్పుతాం, గంటలో ఎన్నిసార్లో మీరే లెక్కేసుకోండి.

ఇంట్లో చేసుకోగలిగిన పరీక్ష: ఎత్తు బల్ల మీద కూర్చుని కాళ్లు వేలాడదీయండి, బిగబట్టకండి. ఏ పాదం ఎటు తిరిగి ఉందో ఎవరినైనా ఎదురుగా నిలబెట్టి చూడమనండి. క్లీట్‌ని ఆ పాదానికి అనుగుణంగానే బిగించాలి. రెండు కాళ్లకీ ఒకేలా ఉండాలన్న రూలేం లేదు.

చైన్‌రింగ్_చిన్ని
ఇప్పుడే మా ఆయన్ని బల్ల మీద కూర్చోబెట్టి చూశా. కుడి పాదం ఈస్ట్, ఎడమ పాదం నార్త్. పెళ్లయ్యాక ఇన్నేళ్లకి తెలిసింది.

ఫిజియో_అక్క
@చైన్‌రింగ్_చిన్ని మీ ఆయనకి పసుపే ఇప్పించండి 😀

భీమిలి_బ్రీజ్
అక్కా, స్పీడ్‌ప్లే అనే ఇంకో పెడల్ రకం మోకాళ్లకి మంచిదంటారు నిజమేనా? 15 డిగ్రీల వరకూ తిరుగుతుందట.

ఫిజియో_అక్క
తిరుగుతుంది, ఎంతవరకు తిరగాలో స్క్రూలతో మనమే పెట్టుకోవచ్చు కూడా. నొప్పి తగ్గనివాళ్లకి బాగా పనికొస్తుంది. కానీ అందులో తాళం పెడల్‌లో కాదు, క్లీట్‌లో ఉంటుంది. మీ బీచ్ ఇసుక అందులోకి పోతే శుభ్రం చేసుకోవడం మీ పనే. మూడు బొక్కల షూకైతే మధ్యలో ప్లేటు పెట్టి బిగించాలి. అసలు అవసరం పడ్డాకే అటు వెళ్లండి.

కొండపల్లి_క్రాంక్
అక్క చెప్పినదానికి బిగించే పద్ధతి జోడిస్తా. షూ వేసుకుని బొటనవేలి మొదట్లో పొడుచుకొచ్చే ఎముక ఎక్కడుందో బయటి నుంచి వేలితో తడిమి, అక్కడ తెల్లటి టేపు ముక్క అంటించండి. ఆ గుర్తు పెడల్ ఇరుసుకి నేరుగా పైన గానీ, ఇరుసు కంటే ఒకింత ముందు గానీ వచ్చేలా క్లీట్ జరపండి. దూరాలు తొక్కేవాళ్లు క్లీట్‌ని ఇంకాస్త మడమ వైపు లాక్కుంటే పాదం తిమ్మిరెక్కడం తగ్గుతుంది. ఆపైన సోల్ మీద క్లీట్ చుట్టూ మార్కర్‌తో గీత గీసేయండి. క్లీట్ అరిగి మార్చాల్సి వచ్చినప్పుడు ఆ గీతే దిక్కు.

బోల్టు మరకి చుక్క గ్రీజు రాయాలి. బిగింపు 5 నుంచి 6 న్యూటన్ మీటర్లు. టార్క్ రెంచ్ లేకపోతే ఒక బోల్టు పూర్తిగా, తర్వాత ఇంకోటి పూర్తిగా అని కాకుండా అన్నీ వంతులవారీగా కొంచెం కొంచెం బిగించుకుంటూ రండి.

ఇది అందరూ గుర్తుపెట్టుకోండి. మొన్న ఒకాయన బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర పడి మోచేయి గీరుకుని షాపుకొచ్చాడు, పెడల్ పాడైంది మార్చమన్నాడు. పెడల్‌కి ఏమీ కాలేదు. ఎస్‌పీడీ క్లీట్‌లో ఒక బోల్టు ఎక్కడో ఊడిపోయింది. ఒక్క బోల్టు మీద ఉన్న క్లీట్ పెడల్‌లోనే ఉండిపోయి, మడమ బయటికి తిప్పితే షూ మాత్రమే తిరుగుతోంది. ఎంత తిప్పినా కాలు బయటికి రాదు. మొదటి రైడ్ అయ్యాక మళ్లీ అలెన్ కీ పెట్టి ప్రతి బోల్టూ చూసుకోండి.

వాట్_పిచ్చి
ఇది నిజంగా భయపెట్టే విషయం. ఇప్పుడే వెళ్లి చూసుకున్నా, ఎడమ దానిది పావు చుట్టు తిరిగింది.

భీమిలి_బ్రీజ్
సముద్రం పక్కనున్నవాళ్లకి ఉల్టా సమస్య. బోల్టు ఊడదు, తుప్పు పట్టి అసలు రాదు. తలలో మట్టి, ఇసుక గట్టిగా పట్టుకుని ఉంటాయి. ముందు గుండుసూదితో ఆ గుంత ఖాళీ చేసి, అలెన్ కీ పూర్తిగా దిగిందని చూసుకున్నాకే తిప్పండి. సగం దిగిన కీతో తిప్పితే లోపల గుండ్రంగా అరిగిపోతుంది, ఆ తర్వాత డ్రిల్లే గతి.

గండిపేట_గాలి
ఇంకో సందేహం. ఇప్పటిదాకా మామూలు రన్నింగ్ షూస్‌తో తొక్కుతున్నా. క్లీట్లకి మారితే సీటు ఎత్తు మార్చాలా?

ఫిజియో_అక్క
మార్చాల్సి వస్తుంది. రన్నింగ్ షూ సోల్ మందం, సైక్లింగ్ షూ సోల్ పలచన. పాదం పెడల్‌కి దగ్గరవుతుంది కాబట్టి కాలు ఇంకా కిందికి సాగాలి. సీటు కొంచెం దించుకోండి. ఎస్‌పీడీ నుంచి ఎస్‌పీడీ-ఎస్ఎల్‌కి మారినా మిల్లీమీటర్లలో తేడా వస్తుంది, అప్పుడూ చూసుకోండి.

బ్రెవే_బాబాయ్
స్ప్రింగ్ సంగతి గూడ చెప్పుర్రి. ఎం520 వెనకాల చిన్న అలెన్ స్క్రూ ఉంటది, మైనస్ దిక్కు తిప్పి వదులు చేస్కో. రెండు దిక్కులా రెండు స్క్రూలు, నాలుగూ సమానంగ పెట్టాలె. ఇంకోటి, షిమానోల ఎస్‌హెచ్56 అని క్లీట్ ఉంది, మడమ పక్కకు తిప్పినా ఇడుస్తది, కాలు పైకి గుంజినా ఇడుస్తది. డబ్బాల వచ్చే ఎస్‌హెచ్51 మడమ తిప్పితేనే ఇడుస్తది. కొత్తగ మొదలుపెట్టేటోళ్లకు 56 ధైర్యమిస్తది. మొదట గోడ పట్టుకొని ఒక్కో కాలు ఎక్కించి దించి అలవాటు చేస్కో. సిగ్నల్ కనబడంగనే కాలు బయటికి తియ్యి, ఆగినంక కాదు.

వాట్_పిచ్చి
56 క్లీట్ ఎక్కుడులో గట్టిగా పైకి లాగితే ఊడి వచ్చే అవకాశం ఉంది. అనంతగిరి ఎక్కేటప్పుడు నిలబడి తొక్కేవాళ్లు అలవాటయ్యాక 51కి మారడం మంచిది.

బ్రెవే_బాబాయ్
ఇది ఒప్పుకుంటున్న.

ఫ్లాట్_పెడల్_ఫ్యాన్
షిమానో ఈహెచ్500 అని ఒకటుంది, ఒక పక్క ఎస్‌పీడీ, ఇంకో పక్క ఫ్లాట్. కూరగాయలకి చెప్పులతో వెళ్లొచ్చు. ఇంతకంటే తగ్గలేను.

చైన్‌రింగ్_చిన్ని
@ఫ్లాట్_పెడల్_ఫ్యాన్ ఎట్టకేలకు సగం పెడల్ ఒప్పుకున్నారు 👏

గండిపేట_గాలి
అందరివీ రెండుసార్లు చదివా. నాది బ్రెవే దారే, గ్రూప్ రైడ్‌లో కూడా ఇడ్లీ దగ్గర అరగంట నిలబడేవాళ్లమే. పెడల్స్ ఉంచుకుని రెండు బొక్కల షూస్ తీసుకుంటా. సైజు ఎలా చూడాలి? ఈ రోడ్ షూస్ 42, వేళ్ల దగ్గర పక్కల నొక్కుతున్నాయి.

కొండపల్లి_క్రాంక్
సాయంత్రం పూట కొలవండి, పాదం పొద్దుటికంటే కొంచెం ఉబ్బి ఉంటుంది. కాగితం మీద నిలబడి మడమ నుంచి పొడవైన వేలు దాకా సెంటీమీటర్లలో కొలిచి, కంపెనీ చార్ట్‌తో పోల్చండి. షిమానోలో 42 అంటే 26.5, 43 అంటే 27.2. వేరే కంపెనీలో 42 అదే పొడవు ఉండాలని లేదు. పక్కల నొక్కుతుంటే సైజు పెంచకండి, మడమ జారుతుంది. వైడ్ అని రాసి ఉన్న మోడల్ అడగండి. చిన్నప్పటి నుంచీ చెప్పులేసుకు తిరిగిన మన పాదాలు ముందు భాగంలో వెడల్పు, చాలామందికి వైడే సరిపోతుంది.

వాట్_పిచ్చి
@గండిపేట_గాలి ఆ 42 రోడ్ షూస్ ఏం చేస్తావ్? మా తమ్ముడిది సన్నటి పాదం, సైజు అదే. వాడు కొత్తగా 105 పెడల్స్ వేయించుకున్నాడు, షూస్ కోసం వెతుకుతున్నాడు.

గండిపేట_గాలి
క్లీట్ కూడా బిగించలేదన్నా, సోల్ మీద గీత లేదు. ఆదివారం తెస్తా. వేసుకుని, బైక్ మీద కూర్చుని, మడమ జారకుండా ఉందో లేదో చూసుకున్నాకే రేటు మాట్లాడుకుందాం.

వాట్_పిచ్చి
డన్. పెడల్ డబ్బాలో పసుపు క్లీట్లు ఉన్నాయి, అవి తెమ్మంటా. వాడు వేరే ఎరుపువి కొంటానంటున్నాడు, అక్క రాసింది పంపించా.

కొండపల్లి_క్రాంక్
4 ఎంఎం అలెన్ కీ, చిన్న గ్రీజు డబ్బా కూడా పట్టుకెళ్లండి. అక్కడికక్కడే బిగించేయొచ్చు.